మన పని లెక్క మనం అడుగుదాం



శ్రీహరికోట పేరు వినగానే అందరికీ రాకెట్టు గుర్తుకు వస్తుంది. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న దీవి ఇది. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుండి మొదటి రాకెట్టు ఎగిరింది. 2002లో ఈ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. 2023 జులై 14న చంద్రయాన్-3 కూడా ఇక్కడి నుండే చందమామ దగ్గరికి బయలుదేరింది. ఒకప్పుడు ఈ ఊరు నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో ఉంది.

రాకెట్టు ఎగరాలంటే ప్రతి దానికీ లెక్క ఉంటుంది. ఏ మేకు ఎవరు బిగించారు? ఏ రోజు బిగించారు? ఎవరు చూశారు? అన్నీ కాగితం మీద ఉంటాయి.

మరి మన పనికి లెక్క ఉందా?

గదులు ఊడ్చిన పని, చెట్లకు నీళ్లు పోసిన పని, వంటశాలలో గిన్నెలు కడిగిన పని, చెరువులో మట్టి మోసిన పని, అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం వండిన పని. ఇవన్నీ పనులే. వీటికీ లెక్క ఉంది. ఆ లెక్క ఏదో ఒక ఆఫీసులో, ఏదో ఒక పుస్తకంలో ఉంది. దాన్ని అడిగి తెచ్చుకోవడం ఎలా? ఈ పాఠంలో అది నేర్చుకుందాం.

1. అత్తా కోడళ్ల మాటలు

గట్టిగా చదవండి. ఇద్దరు చెరొక మాట చదివితే ఇంకా మంచిది.

అత్త: ఏందమ్మా, ఆ పుస్తకం అట్లా చూస్తా ఉండావు?

కోడలు: బ్యాంకు పుస్తకం అత్తా. మనం చెరువు పనికి ఎన్ని దినాలు పోయినాం?

అత్త: నాలుగు వారాలు పోయినాం. వారానికి ఆరు దినాలు. మొత్తం ఇరవై నాలుగు.

కోడలు: నా ఖాతాలో పడింది పద్దెనిమిది దినాల కూలే.

అత్త: మేటును అడిగినావా?

కోడలు: అడిగినా. పైనుంచి అంతే వచ్చింది అన్నాడు.

అత్త: పైన అంటే యాడ?

కోడలు: నేనూ అదే అడిగినా. నవ్వుకుంటా పొయ్యినాడు.

అత్త: పోనీలే. మనం పని చేసింది దేవుడికి తెలుసు.

కోడలు: దేవుడికి తెలిస్తే చాలదత్తా. మస్టరుకు తెలియాల.

అత్త: ఆ మస్టరు మనకు చూపిస్తారా?

కోడలు: అడిగితే చూపించాల. చట్టం ఉండాది.

కోడలి లెక్క మనమూ వేద్దాం. చేసిన పని 24 రోజులు. డబ్బు పడింది 18 రోజులకు. తేడా 6 రోజులు. రోజుకు 300 రూపాయలు అనుకుందాం. 6 రోజులకు 1,800 రూపాయలు. ఒక ఇంటికి 1,800 అంటే చిన్న మాట కాదు. ఊర్లో 50 మందికి ఇలాగే జరిగితే? 90,000 రూపాయలు. ఆ డబ్బు ఎక్కడ ఆగింది? నోటి మాటతో ఇది తేలదు. కాగితంతోనే తేలుతుంది.

2. పని రికార్డు అంటే ఏమిటి?

మనం చేసిన పనికీ, మనకు ఇచ్చిన డబ్బుకీ రుజువుగా ఉండే కాగితాలే పని రికార్డులు. ముఖ్యమైనవి ఇవి.

మస్టరు: ఎవరు ఏ రోజు పనికి వచ్చారో రాసే పట్టిక. దీన్నే హాజరు పట్టీ అంటారు.

కొలతల పుస్తకం: ఎంత మట్టి తవ్వారు, ఎంత పని అయ్యింది అని ఇంజనీరు కొలిచి రాసే పుస్తకం. ఉపాధి పనిలో చాలా వాటికి కూలి ఈ కొలతను బట్టి వస్తుంది.

జీతాల రిజిస్టరు: ఎవరికి ఎంత జీతం ఇచ్చారు, ఎంత కోత పెట్టారు అని రాసే పుస్తకం.

జీతం చీటీ: ఆ లెక్కనే మన చేతికి ఇచ్చే చిన్న కాగితం.

పి.ఎఫ్. ఖాతా: మన జీతంలో కొంత కోసి, పెద్ద వయసు కోసం దాచే ఖాతా. దానికి పన్నెండు అంకెల నంబరు ఒకటి ఉంటుంది.

సర్వీసు రిజిస్టరు: ప్రభుత్వ ఉద్యోగి ఎప్పుడు చేరారు, ఎంత జీతం, ఎప్పుడు సెలవు అని మొదటి నుండి చివరి దాకా రాసే పుస్తకం. ఉద్యోగి చనిపోతే భార్యకు పింఛను రావడానికి కూడా ఈ పుస్తకమే ఆధారం.

ఈ కాగితాల్లో మన పేరు ఉంటుంది. మన చెమట ఉంటుంది. కానీ చాలామందిమి వాటిని ఒక్కసారి కూడా చూడలేదు. చదువు రానప్పుడు చూసినా తెలిసేది కాదు. ఇప్పుడు మనకు చదవడం వచ్చు.

3. రాజస్థాన్ కూలీలు ఏం చేశారు?

ఈ హక్కు ఊరికే రాలేదు. దీని వెనుక కూలి జనం పోరాటం ఉంది.

రాజస్థాన్ ఎడారి రాష్ట్రం. అక్కడా కరువు పనులు జరిగేవి. ఆడవాళ్లు ఎండలో మట్టి మోసేవాళ్లు. ప్రభుత్వం చెప్పిన కూలి ఒకటి, చేతికి వచ్చే కూలి ఒకటి. ఇదేమి అని అడిగితే, మీరు చేసిన పని తక్కువ అని మస్టరులో ఉంది అనేవాళ్లు. మస్టరు చూపించండి అంటే, అది సర్కారు కాగితం, మీకు చూపించం అనేవాళ్లు.

1990 మే 1న అక్కడి కూలీలు, రైతులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్. ఐ.ఏ.ఎస్. ఉద్యోగం వదులుకుని వచ్చిన అరుణా రాయ్ అనే ఆమె వాళ్లతో కలిసి పనిచేశారు. 1994లో వాళ్లు ఊరి నడుమ అందరి ముందు మస్టర్లు చదివించడం మొదలుపెట్టారు. చదివే కొద్దీ గుట్టు బయటపడింది. పనికి రాని వాళ్ల పేర్లు ఉన్నాయి. చనిపోయిన వాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. ఆ పేర్ల మీద కూలి ఎత్తుకున్నారు.

1996 ఏప్రిల్‌లో బ్యావర్ అనే పట్నంలో 40 రోజులు ధర్నా చేశారు. మా డబ్బుకు మాకు లెక్క చెప్పండి అని అడిగారు. పల్లె ఆడవాళ్లు తమ ఇంటి గింజలు తెచ్చి ధర్నాకు ఇచ్చారు. 2000లో ఆ రాష్ట్రంలో సమాచార హక్కు చట్టం వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది.

ఒక్క మస్టరు కాగితం కోసం మొదలైన పోరాటం అది. ఈరోజు దేశంలో ఎవరైనా ఏ ప్రభుత్వ ఆఫీసునైనా లెక్క అడగవచ్చు.

4. మన దగ్గర ఏం జరిగింది?

మన జిల్లాల ఆడవాళ్లకు చదువు బలం కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పుడు శ్రీహరికోట, సూళ్లూరుపేట ఆ జిల్లావే. దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు రాత్రి బడిలో సారా గురించిన పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. కలిసి కూర్చుని మాట్లాడుకున్నారు. సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఒక పాఠం చదివి ఇంత పని చేశారు.

ఇంకొకటి చూడండి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది. దేశంలో మొట్టమొదట ఎక్కడ మొదలుపెట్టారో తెలుసా? మన రాయలసీమలోనే. అనంతపురం జిల్లా బండ్లపల్లి గ్రామంలో. అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ అక్కడికి వచ్చారు. ఆ తరువాత మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు జరిగాయి. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలే మస్టర్లు తీసుకుని ఇంటింటికీ వెళ్లారు. "అమ్మా, నువ్వు ఇన్ని రోజులు పని చేసినట్టు ఉంది, నిజమేనా?" అని అడిగారు. గ్రామసభలో అందరి ముందు చదివి వినిపించారు. తిన్న డబ్బు కొన్ని చోట్ల తిరిగి కట్టించారు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీకి కొత్త చట్టం చేసింది. పాత చట్టంలో ఏడాదికి ఇంటికి 100 రోజుల పని. కొత్త చట్టంలో 125 రోజులు అని రాశారు. పథకం పేరు మారవచ్చు. రోజులు మారవచ్చు. కానీ లెక్క అడిగే హక్కు ఆ పథకంతో పోయేది కాదు. అది సమాచార హక్కు చట్టం ఇచ్చిన హక్కు.

5. చట్టం ఏం చెబుతుంది?

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలులోకి వచ్చింది. ముఖ్యమైన మాటలు ఇవి. ఒక్కొక్కటి చదివి, ఆగి, పక్కనున్న వాళ్లకు చెప్పండి.

ఒకటి: ప్రతి ప్రభుత్వ ఆఫీసులో ఒక సమాచార అధికారి ఉండాలి. మన అర్జీ ఆయన పేరున రాయాలి. అసలు పేరు తెలియనక్కర్లేదు. సమాచార అధికారి అని రాస్తే చాలు.

రెండు: అర్జీ తెలుగులో రాయవచ్చు. ఇంగ్లీషులోనే రాయాలి అని ఎవరైనా అంటే నమ్మకండి. మన ప్రాంతపు అధికార భాష తెలుగు. చట్టం దానికి ఒప్పుకుంది.

మూడు: రాయడం రాని వాళ్లు నోటితో చెప్పవచ్చు. అది రాసి పెట్టడానికి అధికారి సాయం చేయాలి.

నాలుగు: నీకు ఇది ఎందుకు అని వాళ్లు అడగకూడదు. కారణం చెప్పనక్కర్లేదు.

ఐదు: 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఆరు: 30 రోజులు దాటితే, ఆ తరువాత ఇచ్చే కాగితాలకు డబ్బు తీసుకోకూడదు.

ఏడు: తప్పు ఆఫీసుకు అర్జీ వెళితే, వాళ్లే 5 రోజుల్లోగా సరైన ఆఫీసుకు పంపాలి. "ఇది మాది కాదు పో" అని తిప్పి పంపకూడదు.

ఎనిమిది: సరైన కారణం లేకుండా జవాబు ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల జరిమానా వేయవచ్చు. అది 25,000 రూపాయల దాకా పోతుంది. ఆ డబ్బు ఆయన జేబు నుండి కట్టాలి.

6. ఎవరిని అడగాలి? ఎంత కట్టాలి?

మన పని ఏ ఆఫీసు కింద జరిగిందో ముందు ఆలోచించాలి.

ఊర్లో పంచాయతీ చేయించిన పని అయితే గ్రామ పంచాయతీని అడగాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో అర్జీకి ఫీజు లేదు.

ఉపాధి పని రికార్డులు మండల పరిషత్ ఆఫీసులో ఉంటాయి. శ్రీహరికోట వాళ్లకు అది సూళ్లూరుపేట. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు.

డివిజను, జిల్లా ఆఫీసుల్లో ఫీజు 10 రూపాయలు.

రాకెట్ కేంద్రం కేంద్ర ప్రభుత్వానిది. అంతరిక్ష శాఖ కిందిది. పి.ఎఫ్. ఆఫీసు కూడా కేంద్ర ప్రభుత్వానిదే. వీటికి ఫీజు 10 రూపాయలు. పోస్టాఫీసులో దొరికే 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేసి పంపవచ్చు.

దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబం వాళ్లు ఫీజు కట్టనక్కర్లేదు. దానికి రుజువుగా కార్డు జిరాక్సు జత చేయాలి.

ఇక కాగితాల నకళ్లకు మామూలు సైజు పేజీకి 2 రూపాయలు. డబ్బు కట్టినప్పుడల్లా రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే డబ్బు ఇవ్వకండి.

నకళ్లు వద్దు, ఆఫీసుకు వచ్చి రిజిస్టరు కళ్లతో చూస్తాం అని కూడా అడగవచ్చు. మొదటి గంటకు డబ్బు లేదు. చాలా పేజీలు ఉన్నప్పుడు ఇదే మేలు. ముందు చూసి, కావలసిన పేజీలకే నకలు తీసుకోవచ్చు.

7. కాంట్రాక్టరు కింద పని చేస్తే?

చాలామంది అక్కలు పెద్ద ఆఫీసుల్లో పని చేస్తారు. కానీ జీతం ఇచ్చేది కాంట్రాక్టరు. కాంట్రాక్టరు ప్రైవేటు మనిషి. ఆయనకు నేరుగా సమాచార హక్కు అర్జీ పెట్టలేం.

అయితే దారి ఉంది. ఆ కాంట్రాక్టు ఇచ్చిన ప్రభుత్వ ఆఫీసును అడగాలి. కాంట్రాక్టరు ఎవరు, ఎప్పటి నుండి ఎప్పటి దాకా కాంట్రాక్టు, మనిషికి ఎంత కూలి అని ఒప్పందంలో రాశారు, నా పేరున హాజరు ఎన్ని రోజులు ఉంది, నా పి.ఎఫ్. కట్టినట్టు కాంట్రాక్టరు ఇచ్చిన రుజువు ఏది అని అడగవచ్చు. వేరే చట్టం ప్రకారం కాంట్రాక్టరు నుండి ఆ ఆఫీసు తెప్పించుకోగల కాగితం కూడా మనకు సమాచారమే. సమాచార హక్కు చట్టంలో ఈ మాట ఉంది.

కాంట్రాక్టు కూలీల కోసం 1970లోనే ఒక చట్టం చేశారు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే, పని చేయించుకున్న అసలు యజమాని ఇవ్వాలి అని అందులో రాశారు. 2025 నవంబరు 21 నుండి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కొత్త కోడ్‌లు వచ్చాయి. వాటిలోనూ ఆ బాధ్యత ఉంది. పనిలో పెట్టుకున్న మనిషికి నియామక పత్రం ఇవ్వాలి అని కూడా ఉంది. మీకు అలాంటి కాగితం ఇచ్చారా? ఒకసారి ఇంట్లో వెతకండి.

పి.ఎఫ్. లెక్క కూడా చూద్దాం. అసలు జీతం, కరువు భత్యం కలిపి నెలకు 12,000 అనుకుందాం. మన వంతు నూటికి 12 చొప్పున కోస్తారు. అంటే 1,440 రూపాయలు. యజమాని కూడా తన వంతు అంతే కట్టాలి. మన జీతంలో కోశారు. కానీ కట్టారా? మన నంబరుతో ఖాతా చూస్తే తెలుస్తుంది. ఖాతాలో లేదంటే పి.ఎఫ్. ఆఫీసును అడగాలి. ఏడాదికి మన వంతే 17,280 రూపాయలు. కూతురి చదువుకో, పెద్ద వయసులో మందులకో ఆ డబ్బు కావాలి.

8. ఏవి ఇవ్వరు?

అన్నీ ఇవ్వరు. ఇదీ తెలుసుకోవాలి.

దేశ రక్షణకు, దేశ శాస్త్ర ప్రయోజనాలకు దెబ్బ తగిలే సంగతులు ఇవ్వరు. రాకెట్టు ఎలా చేస్తారు అని అడిగితే ఇవ్వరు. అది సరైనదే. కానీ గదులు ఊడ్చిన మనిషి హాజరు రహస్యం కాదు. లోపలి పని కాబట్టి ఏదీ చెప్పం అని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కర్లేదు. ఏ నియమం ప్రకారం ఇవ్వడం లేదో రాసి ఇవ్వండి అని అడగాలి. కాదన్నప్పుడు కారణం రాసి ఇవ్వడం వాళ్ల బాధ్యత.

ఇతరుల సొంత వివరాలు కూడా ఇవ్వకపోవచ్చు. 2023లో చేసిన ఒక చట్టం వల్ల ఈ నియమం ఇంకా గట్టిపడింది. అందుకని "అందరి జీతాలు ఇవ్వండి" అని అడిగే కన్నా "నా హాజరు, నా జీతం, నా పి.ఎఫ్." అని అడగడం మేలు. పది మందికి అన్యాయం జరిగితే పది మందీ ఎవరి అర్జీ వాళ్లు పెట్టాలి. అందరూ ఒకే రోజు కలిసి వెళ్లాలి.

9. ఎలా అడగాలి?

అర్జీలో గొడవ పడకూడదు. కాగితం అడగాలి.

ఇలా అడగవద్దు: "నా డబ్బు ఎవరు తిన్నారు?" దీనికి ఏ కాగితంలోనూ జవాబు ఉండదు.

ఇలా అడగండి: "ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ దాకా నా పేరు ఉన్న మస్టరు నకలు ఇవ్వండి." ఇది కాగితం. ఇవ్వక తప్పదు.

ఇలా అడగవద్దు: "నాకు కూలి ఎందుకు తక్కువ ఇచ్చారు?"

ఇలా అడగండి: "నేను చేసిన పని కొలతల పుస్తకం పేజీ నకలు ఇవ్వండి. నా కూలి ఏ తేదీన, ఎంత, ఏ ఖాతాకు పంపారో చూపే కాగితం నకలు ఇవ్వండి."

తేదీలు తప్పకుండా రాయాలి. పని పేరు రాయాలి. ఊరి పేరు రాయాలి. అర్జీ చిన్నదిగా ఉండాలి.

10. అర్జీ నమూనా

ఖాళీల్లో మీ వివరాలు రాయండి. తరువాత దీన్ని చూసి తెల్ల కాగితం మీద మొత్తం రాయండి.

తేదీ: ..................

సమాచార అధికారి గారికి,
మండల పరిషత్ కార్యాలయం,
సూళ్లూరుపేట, తిరుపతి జిల్లా.

అయ్యా / అమ్మా,

విషయం: సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం పని రికార్డుల నకళ్లు కోరుట.

నా పేరు .................. మా ఊరు .................. నా జాబ్ కార్డు నంబరు .................. నేను .................. తేదీ నుండి .................. తేదీ వరకు .................. పనిలో కూలి చేశాను. నాకు ఈ కింది సమాచారం ఇవ్వండి.

1. పై తేదీలలో నా పేరు ఉన్న మస్టర్ల నకళ్లు.
2. ఆ పని కొలతల పుస్తకంలోని పేజీల నకళ్లు.
3. నా కూలి ఏ తేదీన, ఎంత, ఏ ఖాతాకు పంపారో చూపే కాగితాల నకళ్లు.

ఫీజు 5 రూపాయలు కట్టాను. రసీదు నంబరు ..................
(లేదా: మేము దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నాము. కార్డు నకలు జత చేశాను.)

ఇట్లు,
సంతకం: ..................
చిరునామా: ..................

అర్జీ రెండు కాపీలు రాయండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి. రెండో దాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. పోస్టులో పంపితే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ కాగితం లేకపోతే మీరు అడిగినట్టు రుజువు ఉండదు.

11. జవాబు రాకపోతే?

గోడ మీది క్యాలెండరులో అర్జీ ఇచ్చిన రోజు గుర్తు పెట్టండి. 30 రోజులు లెక్క పెట్టండి.

జవాబు రాలేదా? వచ్చిన జవాబు సరిగా లేదా? అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు రాయండి. గడువు 30 రోజులు. ఆయన 30 రోజుల్లో, ఆలస్యమైతే 45 రోజుల్లో తేల్చాలి.

అక్కడా న్యాయం జరగలేదా? 90 రోజుల్లోగా రెండో అప్పీలు రాయాలి. రాష్ట్ర ఆఫీసుల మీద అయితే రాష్ట్ర సమాచార కమిషన్‌కు రాయాలి. రాకెట్ కేంద్రం, పి.ఎఫ్. ఆఫీసు లాంటి వాటి మీద అయితే ఢిల్లీలోని కేంద్ర సమాచార కమిషన్‌కు రాయాలి. రెండో అప్పీలుకు చాలా కాలం పట్టవచ్చు. ఓపిక కావాలి.

12. కాగితం వచ్చాక?

కాగితం రాగానే కూలి రాదు. ఈ మాట మరచిపోకండి. కాగితం మన చేతిలో రుజువు మాత్రమే. దాన్ని చదవాలి. తప్పు ఎక్కడ జరిగిందో వెతకాలి. మళ్లీ ఆ కోడలి లెక్క చూద్దాం.

మస్టరులోనే 18 రోజులు ఉన్నాయా? అయితే 6 రోజులు హాజరు వేయలేదు. తప్పు పని చోట జరిగింది.

మస్టరులో 24 ఉండి, డబ్బు తక్కువ వచ్చిందా? కొలతల పుస్తకం చూడాలి. కొలత తక్కువ వేశారేమో తెలుస్తుంది. నిజంగా ఆ వారం పని తక్కువ అయ్యిందేమో కూడా తెలుస్తుంది.

మస్టరు సరిగా ఉంది, కొలత సరిగా ఉంది, డబ్బు కూడా పంపారు అని ఉందా? అయితే అది వేరే ఖాతాకు పోయి ఉండవచ్చు. ఖాతా నంబరు, ఆధార్ సరిచూసుకోవాలి. అప్పుడు మేటును తిట్టి లాభం లేదు. బ్యాంకుకు పోవాలి.

చూశారా? కాగితం చూడకముందు కోపం అంతా ఒక మనిషి మీద ఉంటుంది. చూశాక అసలు తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. తప్పు చేయని వాళ్ల మీద నింద పడదు. చేసిన వాళ్లు తప్పించుకోలేరు.

తప్పు తెలిశాక ఆ నకలు జత చేసి ఫిర్యాదు రాయాలి. ఉపాధి పని గురించి అయితే మండల, జిల్లా అధికారులకు రాయాలి. గ్రామసభలో అడగాలి. కాంట్రాక్టు జీతం గురించి అయితే కార్మిక శాఖకు రాయాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థలో పని అయితే కేంద్ర కార్మిక శాఖ అధికారికి రాయాలి.

13. భయం వేస్తే?

"అర్జీ పెడితే పనిలోంచి తీసేస్తారేమో" అని చాలామందికి భయం. ఈ భయం ఉత్తది కాదు. రేపటి కూలి మీద బతికే వాళ్లకు ఆ భయం ఉంటుంది. దాన్ని ఎగతాళి చేయకూడదు.

అందుకే ఒంటరిగా పోవద్దు. పొదుపు సంఘంలో మాట్లాడండి. పది మంది కలిసి పోండి. ఒక్కరు అడిగితే గొడవ అంటారు. పది మంది అడిగితే లెక్క అంటారు.

ఇంకొక పని ఈరోజే చేయవచ్చు. దానికి ఎవరి భయమూ లేదు. ఒక చిన్న నోటు పుస్తకం కొనండి. రోజూ రాత్రి రెండు మాటలు రాయండి. తేదీ, చేసిన పని. డబ్బు వచ్చిన రోజు ఎంత వచ్చిందో రాయండి. రేపు ఆఫీసు లెక్క వచ్చినప్పుడు పక్కన పెట్టి చూడటానికి మన లెక్క ఒకటి ఉండాలి కదా!

వేలి ముద్ర వేసిన రోజుల్లో మన లెక్క వేరే వాళ్లు రాశారు. ఇప్పుడు పెన్ను మన చేతిలో ఉంది. మన లెక్క మనమే రాద్దాం. వాళ్ల లెక్క అడిగి చూద్దాం.

కొత్త మాటలు

కింది మాటలు మూడు సార్లు చదవండి. ఒక్కసారి రాయండి.

మస్టరు, హాజరు, నకలు, రసీదు, అర్జీ, అప్పీలు, గడువు, జరిమానా, ఒప్పందం, రుజువు.

జవాబులు రాయండి

1. సమాచార హక్కు చట్టం ఏ సంవత్సరం వచ్చింది?
2. అర్జీకి ఎన్ని రోజుల్లో జవాబు ఇవ్వాలి?
3. మండల ఆఫీసులో అర్జీ ఫీజు ఎంత?
4. ఉపాధి హామీ పథకం మొదట ఏ గ్రామంలో మొదలైంది?
5. కాంట్రాక్టరు కింద పని చేసే వాళ్లు ఎవరిని అడగాలి?

లెక్క చేయండి

ఒక అక్క 30 రోజులు పని చేసింది. మస్టరులో 26 రోజులు ఉంది. రోజు కూలి 300 రూపాయలు. ఆమెకు రావలసింది ఎంత తగ్గింది? మస్టరు నకలు 4 పేజీలు. పేజీకి 2 రూపాయలు. నకళ్లకు ఎంత కట్టాలి?

కలిసి మాట్లాడండి

మన ఊర్లో పోయిన ఏడాది ఏ ఏ పనులు జరిగాయి? వాటిలో ఎవరెవరు పని చేశారు? అందరికీ కూలి సరిగా వచ్చిందా? రాని వాళ్లు ఎవరైనా ఉంటే, ఈ పాఠంలోని నమూనా చూసి వాళ్ల అర్జీ ఈరోజే ఇక్కడే కూర్చుని రాయండి. రాయడం వచ్చిన వాళ్లు రాని వాళ్లకు సాయం చేయండి.